నిద్రపోవడానికి మేలుకునేది

దాని పేరు దాని కేకే.
అనక్టువుక్ కనుమలో ఇసుకదిబ్బ మీద
వెనక కాళ్లపై నిటారుగా లేచి
చేతులు పొట్టకు ఆనించుకుని
సిక్-స్రిక్, సిక్-స్రిక్ అంటుంది.
ఊరివాళ్లు వేరే పేరు వెతకలేదు.
నేల మీద నక్క వస్తే ఆ అరుపు.
పైన డేగ నీడ కదిలితే మాత్రం
సన్నటి ఈల, ఒక్కటే.
అప్పుడు దిబ్బంతా రెప్పపాటులో ఖాళీ.

ఉడుతే, కానీ చెట్టెక్కదు.
ఎక్కడానికి అక్కడ చెట్టు లేదు.
మోకాలెత్తు విల్లో పొదలే ఆ సీమకు అడవి.
వీపున మూడు వేళ్ల చారలూ లేవు,
నిమిరే చెయ్యి అంత ఉత్తరానికి రానేలేదు.
గుప్పెడు నూకలు చల్లినట్టు
గోధుమరంగు మీద తెల్లటి చుక్కలు, అంతే.

ఉయాగక్ అవ్వకు వీటి తోళ్ల కోటు ఒకటుంది.
నలభై తోళ్లంటుంది ఆమె.
మనవరాలు కునాక్ లెక్కపెడితే నలభై మూడు.
భుజం దగ్గర ఒక చోట వేలు పెట్టి
"దీన్ని వాగు అవతల ఉచ్చేసి పట్టాను, కరిచింది" అంటుంది.
కునాక్ కూడా పడుతుంది, బోనుతో.
తూకం వేసి, చెవికి చిన్న రేకు గుచ్చి,
మెడకు రేడియో కట్టి వదిలేస్తుంది.
"వదిలేసేదానికి పట్టడమెందుకే?"
ఈ ప్రశ్నకు కునాక్ ఏటా ఒక కొత్త జవాబు చెబుతుంది.

ఆగస్టు చివర ఆడది ముందు దిగిపోతుంది,
పిల్లల్ని ఎవరి బొరియకు వాళ్లను వదిలేసి.
మగది ఇంకా పైనే,
బుగ్గలు ఉబ్బేట్టు విత్తులూ ఎండు పుట్టగొడుగులూ మోస్తూ.
ఆ సరుకు చలికాలానికి కాదు.
ఏప్రిల్లో లేచాక, పోట్లాటలకు ముందు
ఒళ్లు చేసుకోవడానికి.

తరవాత మంచు.
నేలకింద మూరెడు లోతున ఎండుగడ్డి ఉండ,
అందులో నాచు, కారిబూ బొచ్చు,
కునాక్ పోయినేడు పారేసుకున్న చేతితొడుగు ఉన్ని.
మధ్యలో తోక ముక్కు మీద కప్పుకుని
పిడికిలంత జీవం.

ఫిబ్రవరిలో ఒక రాత్రి రేడియో చెప్పిన అంకె
సున్నాకు మూడు డిగ్రీలు కింద.
"అవ్వా, నీళ్లయితే ఈపాటికి గడ్డకట్టేవి.
దీని రక్తం కట్టలేదు."
అవ్వ టీ ఊదుకుంటూ,
"గుండె?"
"నిమిషానికి ఓ మూడు సార్లు, అదీ తీరిగ్గా."

మూడు వారాలకోసారి ఆ గీత నిట్టనిలువునా లేస్తుంది.
ఒళ్లంతా వణికించుకుని, కొవ్వు మండించుకుని,
పూట తిరక్కుండానే అది మనలా వెచ్చబడుతుంది.
"ఆకలేసిందా?"
"కాదు. తినదు, తిరగదు. నిద్రపోతుంది."
"ఇన్నాళ్లూ చేసిందేమిటి మరి?"
"అది నిద్ర కాదట అవ్వా. చల్లబడి ఉండటం.
నిద్ర బాకీ పడిపోతుందట లోపల.
అది తీర్చుకోవడానికే మేలుకుంటుంది.
ఒక్క పూట. మళ్లీ చలిలోకి."

అవ్వ చాలాసేపు మాట్లాడలేదు.
"మా అమ్మ చలికాలమంతా కుట్టేది,
దీపం నూనె అయిపోయేదాకా.
ఎప్పుడో ఒకరోజు సూది పక్కన పెట్టి
ఊరికే కూచునేది, గోడకేసి చూస్తూ.
పిలిచినా పలికేది కాదు.
ఒంట్లో బాగోలేదనుకుని ఏడ్చేదాన్ని."
టీ చల్లారిపోయింది. కునాక్ మళ్లీ వేడిచేసింది.

ఏప్రిల్ నడుమ మగవి మంచు చీల్చుకుని వచ్చాయి.
రెండు వారాలకు
తెల్లటి దిబ్బ మీద మట్టి చిమ్మిన నల్లమచ్చ ఒకటి.
రేడియో తనదే.
చూస్తానని అవ్వ పట్టుపట్టింది.
చలికి ఆ కోటే తొడుక్కుంది.

ఆడది కన్నంలోంచి సగం లేచింది.
చిక్కిపోయింది, మెడపట్టీ వదులైంది.
ఎండలో కళ్లు మిటకరించి
నలభై మూడు తోళ్ల వైపు తేరి చూసింది.
సిక్-స్రిక్!
దూకి మాయమైంది.

కునాక్ నోరు తెరిచేలోపే
అవ్వ పళ్లులేని నోటితో నవ్వింది.
"విన్నావా? నక్క అరుపు!
దానికింకా నేనంటే భయమే."
వెనక్కి నడుస్తున్నంతసేపూ
తోకల కుచ్చులు ఊపుకుంటూ
ఆ మాటే చెప్పుకుంది.